విండోస్ అప్‌డేట్: ఒకే బటన్ వెనక ఐదు రకాల పనులు

ఇంట్లో కంప్యూటర్ వాడేవాళ్లు అప్‌డేట్ల మీద చేసే ఫిర్యాదులు వింటే ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒకరికి సరిగ్గా పని మధ్యలో ఉన్నప్పుడే రీస్టార్ట్ అడుగుతుంది. ఒకరికి నిన్నటిదాకా బాగానే ఉన్న ప్రింటర్ పొద్దున్నకల్లా పలకదు. మరొకరికి నెలనెలా అదే ఎర్రర్ నంబర్ ఎదురవుతుంది. ఇంకొకరి స్టార్ట్ మెనూ రాత్రికి రాత్రే రూపు మార్చుకుంటుంది. వీటన్నిటినీ ‘అప్‌డేట్ల గోల’ అని ఒకే గాటన కట్టేస్తే ఏదీ తేలదు. విండోస్ అప్‌డేట్ అనే ఆ ఒక్క పేజీ గుండా వచ్చేవి నిజానికి ఐదు వేర్వేరు సరుకులు. ఒక్కోదాని తొందర వేరు, ప్రమాదం వేరు, వెనక్కి మళ్లే దారి వేరు. దేన్ని వెంటనే ఎక్కించుకోవాలి, దేనికోసం కొన్నాళ్లు ఆగాలి, దేని జోలికి అసలు వెళ్లక్కర్లేదు అన్నది ఆ తేడా తెలిస్తేనే తెలుస్తుంది.

అన్నిటికంటే సద్దు లేకుండా వచ్చేది డిఫెండర్ యాంటీవైరస్ సమాచారం. రోజూ వస్తుంది, రీస్టార్ట్ అడగదు. దాన్ని దాని మానాన వదిలేయండి.

రెండోది నెలవారీ భద్రతా అప్‌డేట్. ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని 2003 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. విండోస్ 7 రోజుల్లో ఒక్కో సవరణ విడివిడిగా వచ్చేది, నచ్చనిదాని పక్కన టిక్ తీసేస్తే సరిపోయేది. 2016 అక్టోబర్ నుంచి విండోస్ 7కి కూడా అన్నీ ఒకే మూటగా రావడం మొదలైంది. విండోస్ 10 మొదటి నుంచీ అంతే. ఈ నెల మూటలో గత నెలలవి కూడా కలిసి ఉంటాయి. దీంతో ఒక మేలు, ఒక కీడు. ఆరు నెలలు వాడని కంప్యూటర్‌కైనా ఒక్క మూట వేస్తే చాలు. కానీ అందులో ఒక్క సవరణ మీ ప్రింటర్‌ను చెడగొడితే ఆ ఒక్కదాన్నే వేరు చేసి తీసేయలేరు. తీస్తే మూట మొత్తం పోతుంది, దానితో పాటే ఆ నెల భద్రతా రక్షణా పోతుంది. చాలామంది కోపానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ఆ కోపంలో న్యాయం ఉంది.

మూడోది ప్రివ్యూ. నెల చివరి వారాల్లో ‘ఆప్షనల్’ అనే గుర్తుతో వస్తుంది. అందులో కొత్త భద్రతా సవరణలేమీ ఉండవు. వచ్చే నెల అందరికీ రాబోయే మార్పుల ముందు రుచి మాత్రమే. మీరు ఎదురుచూస్తున్న సవరణ ఏదైనా అందులో ఉంటే తప్ప దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. విండోస్ 11లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘కొత్త అప్‌డేట్లు రాగానే ఇవ్వు’ అనే అర్థం వచ్చే స్విచ్ ఒకటి కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే ఈ ప్రివ్యూలు, దశలవారీగా ఇచ్చే కొత్త ఫీచర్లు అందరికంటే ముందు మీకే వస్తాయి. భద్రత కోసమేమో అనుకుని చాలామంది దాన్ని ఆన్ చేసి పెడతారు. నెలవారీ భద్రతా సవరణలు ఆ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వస్తాయి. ఇంటి కంప్యూటర్‌కు దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

నాలుగోది ఏటా వచ్చే ఫీచర్ అప్‌డేట్: 23హెచ్2, 24హెచ్2, 25హెచ్2 అనే పేర్లతో వచ్చేది. ఇందులోనూ రెండు రకాలున్నాయి. 22హెచ్2 నుంచి 23హెచ్2కు, 24హెచ్2 నుంచి 25హెచ్2కు వెళ్లడం చిన్న పని. కొత్త ఫైళ్లు నెలవారీ మూటల్లో ముందే వచ్చి నిద్రాణంగా ఉంటాయి, ఒక చిన్న ప్యాకేజీ వచ్చి వాటిని లేపుతుంది, ఒక్క రీస్టార్ట్‌తో ముగుస్తుంది. 23హెచ్2 నుంచి 24హెచ్2కు వెళ్లడం అలా కాదు. అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మారుతుంది. పాతది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుగుతుంది, కొత్తది దాని చోట కూర్చుంటుంది. ‘నా స్నేహితుడికి ఐదు నిమిషాల్లో అయిపోయింది, నాకు రెండు గంటలు పట్టిందేం’ అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఐదోది డ్రైవర్లు (పరికరాలతో విండోస్‌ను మాట్లాడించే ప్రోగ్రాములు), ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే ప్రోగ్రామ్). వీటిని రాసేది గ్రాఫిక్స్, వైఫై చిప్‌లు చేసే కంపెనీలు, కంప్యూటర్ తయారీదార్లు. విండోస్ అప్‌డేట్ వాటిని మోసుకొచ్చేది మాత్రమే. శబ్దం పోవడం, తెర మిణుకుమిణుకుమనడం, టచ్‌ప్యాడ్ మొరాయించడం వంటివి అప్‌డేట్ మర్నాడు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది వీటినే. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాత డ్రైవర్ తిరిగొస్తుంది. నెల మూట మొత్తం పీకేయాల్సిన పని లేదు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కింద కనిపించే డ్రైవర్ల జాబితా చూసి అన్నిటికీ టిక్ పెట్టేవాళ్లున్నారు. పరికరం బాగా పనిచేస్తుంటే అక్కడ ఏదీ పెట్టొద్దు.

రీస్టార్ట్ ఎందుకు తప్పదు?

నడుస్తున్న ప్రోగ్రామ్ వాడుకుంటున్న ఫైల్‌ను విండోస్ మామూలుగా మార్చనివ్వదు. లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే తెరిచి ఉన్న ఫైల్ స్థానంలోనే కొత్తది పెట్టొచ్చు. పాత ప్రోగ్రామ్ పాత ప్రతిని పట్టుకుని నడుస్తుంది, కొత్తగా తెరిచేవి కొత్త ప్రతిని తీసుకుంటాయి. అక్కడ కూడా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మారితే రీస్టార్ట్ కావాల్సిందే, కానీ మిగతా చాలావాటికి అక్కర్లేదు. విండోస్‌లో నెలవారీ మూట ఎప్పుడూ వాడకంలో ఉండే సిస్టమ్ ఫైళ్లనే తాకుతుంది. అందుకని మీరు పనిచేసుకుంటుండగానే కొత్త ఫైళ్లను పక్కన సిద్ధం చేసుకుని, చేయాల్సిన మార్పుల జాబితా రాసి పెట్టుకుంటుంది. మెషిన్ ఆగేటప్పుడు కొంత, మళ్లీ లేచేటప్పుడు కొంత ఆ జాబితాను అమలు చేస్తుంది. ఆ శాతాల తెర కనిపించేది అప్పుడే.

ఆ శాతం గడియారం కాదు. ఎన్ని మెట్లు అయ్యాయో చెబుతుందే తప్ప ఇంకా ఎంతసేపు పడుతుందో చెప్పదు. ఒక మెట్టు సెకన్లలో ముగుస్తుంది, ఇంకో మెట్టు ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. ఫీచర్ అప్‌డేట్ అయితే పాత విండోస్ నడుస్తుండగా ఒక దశ, రికవరీ వాతావరణంలో ఒక దశ, కొత్తది మొదటిసారి లేచేటప్పుడు ఒకటి, రెండోసారి లేచేటప్పుడు ఇంకొకటి, మొత్తం నాలుగు దశలు దాటాలి. మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవడం లోపం కాదు.

కాలాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది డిస్క్. అప్‌డేట్ అంటే వేల చిన్న ఫైళ్లు చదవడం, సరిపోల్చడం, రాయడం. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు వంద దాకానే అందుకోగలదు. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డి, సాధారణమైనదైనా, వేలల్లో అందుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, ‘విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్’ అనే పేరు పైన కనిపిస్తుంటే జరుగుతున్నది అదే. వైరస్ అని కంగారుపడి దాన్ని ‘ఎండ్ టాస్క్’ చేస్తే పని సగంలో తెగుతుంది. అప్‌డేట్ల బాధ నిజంగా తగ్గాలంటే పాత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయించడాన్ని మించిన మందు లేదు. ఏ సెట్టింగూ దాని దరిదాపుల్లోకి రాదు.

శాతం ఒకేచోట ఆగిపోయినట్టుంటే డిస్క్ లైట్ చూడండి. మినుకుమంటుంటే పని సాగుతోంది. ఎస్‌ఎస్‌డి ఉన్న మెషిన్‌లో గంటన్నర, హార్డ్ డిస్క్ ఉన్నదానిలో మూడు నాలుగు గంటలు దాటినా కదలిక లేకపోతేనే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపాలి. మళ్లీ ఆన్ చేస్తే చాలావరకు ‘మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం’ అన్న సందేశం వస్తుంది. అది మంచి సూచనే. జాబితాను వెనక నుంచి విప్పుకుంటూ పాత స్థితికి వెళ్తోందన్నమాట. ఈసారి మాత్రం పవర్ తీయొద్దు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఈ పని మొదలుపెట్టాలి.

షట్ డౌన్ చేసినా అప్‌డేట్ ఎందుకు అవలేదు?

రోజూ రాత్రి షట్ డౌన్ చేసేవాళ్లకు కూడా ‘రీస్టార్ట్ పెండింగ్’ కనిపిస్తుంటుంది. కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఉన్న ఈ సదుపాయం షట్ డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములను మూసేసి కెర్నెల్‌ను మాత్రం డిస్క్‌లో దాచుకుంటుంది, పొద్దున్నే దాన్నే తిరిగి లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ కింద ‘అప్ టైమ్’ పది పన్నెండు రోజులు చూపిస్తే ఇదే సంగతి. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అన్నీ మొదటి నుంచి లేస్తాయి. కనుక అప్‌డేట్ల లెక్కలో షట్ డౌన్ కంటే రీస్టార్ట్‌దే నిజమైన విలువ. మెనూలో ‘అప్‌డేట్ అండ్ షట్ డౌన్’ అని విడిగా కనిపించినప్పుడు అది వాడొచ్చు. అది నొక్కి పడుకుంటే తెల్లారేసరికి మెషిన్ ఆన్‌లోనే ఉండటం ఏళ్లపాటు ఉన్న లోపం. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన ప్రివ్యూలో దాన్ని సరిచేశారు.

పని మధ్యలో రీస్టార్ట్ కాకుండా ఉండటానికి ‘యాక్టివ్ అవర్స్’ ఉంది. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల దొరుకుతుంది. దాన్ని ఆటోమేటిక్‌గా వదిలేస్తే మీ అలవాట్లు చూసి తానే ఊహిస్తుంది. ఆ ఊహ రాత్రిళ్లు పనిచేసేవాళ్ల విషయంలో తప్పుతుంది. మాన్యువల్‌కు మార్చి ఉదయం 8 నుంచి రాత్రి 2 దాకా పెట్టండి. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వొచ్చు. దాని పక్కనే రీస్టార్ట్‌కు ముందు హెచ్చరించమనే స్విచ్ ఉంటుంది, అదీ ఆన్ చేయండి. ఇవి చేసినా రాత్రంతా సేవ్ చేయని ఫైల్ తెరిచి ఉంచితే దానికి పూచీ లేదు.

ఆపేస్తే పోలేదా?

విండోస్ అప్‌డేట్ సర్వీసును డిజేబుల్ చేయండి, ఫలానా ఉపకరణంతో శాశ్వతంగా ఆపేయండి అనే సలహాలు విరివిగా దొరుకుతాయి. విసుగు వచ్చినవాళ్లు అలా చేస్తే తప్పుపట్టలేం. 2016 మే నెలలో విండోస్ 10కు మారమని అడిగే పెట్టెలో మూల ఉన్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేసినా, ముందే నిర్ణయించిన అప్‌గ్రేడ్‌కు ఒప్పుకున్నట్టుగానే లెక్కేశారు. అలాంటివి నమ్మకాన్ని దెబ్బతీశాయి, ఆ దెబ్బ ఇంకా మానలేదు. అయినా ఆపేయడం తప్పు. ఎందుకో రెండు తేదీలు చెబుతాయి. ఫైళ్లు పంచుకునే విండోస్ పద్ధతిలోని ఒక రంధ్రానికి 2017 మార్చి 14న సవరణ వచ్చింది. అదే రంధ్రం గుండా వానాక్రై అనే వైరస్ మే 12న ప్రపంచాన్ని చుట్టేసింది. మధ్యలో 59 రోజులున్నాయి. సవరణ వేసుకున్న మెషిన్లకు ఆ దారి మూసుకుపోయి ఉంది. సవరణ విడుదల కావడమంటే రంధ్రం ఎక్కడుందో దాడిచేసేవాళ్లకు కూడా తెలిసిపోవడం. పాత ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన పెట్టి పోల్చితే చాలు. అందుకే వేసుకోని కంప్యూటర్‌కు ప్రమాదం సవరణ వచ్చాకే పెరుగుతుంది.

తొందరపాటుకూ ఒక ఉదాహరణ ఉంది. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి పత్రాలు, ఫొటోలు చెరిపేసింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మళ్లించి, పాత చోట కూడా కొన్ని ఫైళ్లు వదిలేసినవాళ్ల విషయంలో అప్‌గ్రేడ్ ఆ పాత ఫోల్డర్‌ను ఖాళీదేనని అనుకుని తీసేసింది. కొద్దిరోజుల్లోనే పంపిణీ ఆపి, నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు. నష్టపోయింది ఎవరంటే, తమంతట తాము ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కి తెచ్చుకున్నవాళ్లు. మిగతావాళ్లకు అది ఇంకా వెళ్లనేలేదు.

ఈ రెండిటి మధ్య దారి ఇంటి కంప్యూటర్‌కు ఇలా ఉంటుంది. నెలవారీ భద్రతా అప్‌డేట్‌ను వారం ఆపండి, రెండు వారాలు దాటనివ్వొద్దు. పెద్ద లోపాలు ఎక్కువగా మొదటి కొద్దిరోజుల్లోనే బయటపడతాయి. భద్రతతో సంబంధం లేని మార్పు వల్ల వచ్చిన తప్పయితే మైక్రోసాఫ్ట్ దూరం నుంచే ఆ ఒక్క మార్పును నిద్రపుచ్చగలదు. అది ఇంటి మెషిన్లకు చేరడానికి ఒక రోజు పట్టొచ్చు, దానికి ఒక రీస్టార్ట్ చాలు. ఫీచర్ అప్‌డేట్‌కు రెండు మూడు నెలలు ఆగినా నష్టం లేదు. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల మద్దతు ఉంటుంది. ‘పాజ్ అప్‌డేట్స్’ దగ్గర ఒకటి నుంచి ఐదు వారాల దాకా ఎంచుకోవచ్చు. హోమ్ ఎడిషన్‌కు ఈ సదుపాయం 2019లో వచ్చింది. గడువు ముగిశాక పెండింగ్‌లో ఉన్నవి వేసుకుంటేనే మళ్లీ పాజ్ దొరుకుతుంది. రెండో మంగళవారం తర్వాత ఒక వారం పాజ్ పెట్టి, ఆ పైన వచ్చే సెలవు రోజున మీరే ‘రెజ్యూమ్’ నొక్కి, దించుకుని, రీస్టార్ట్ చేస్తే అది మీ వేళకు వచ్చినట్టవుతుంది. మొబైల్ డేటా మీద నడిచేవాళ్లు ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తు పెడితే చాలా అప్‌డేట్లు మీరు చెప్పేదాకా దిగవు.

విఫలమైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఖాళీ చూడండి. నెలవారీ అప్‌డేట్‌కు 10 జీబీ, పెద్ద ఫీచర్ అప్‌డేట్‌కు 25 నుంచి 30 జీబీ సి డ్రైవ్‌లో ఉంటే ఊపిరాడుతుంది. ఎర్రర్ 0ఎక్స్80070070 అంటే చోటు చాలలేదని అర్థం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిచి ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’, పాత విండోస్ ఇన్‌స్టాలేషన్ తీసేయొచ్చు. అక్కడే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పేరు కూడా ఉంటుంది, చూసుకోకుండా టిక్ పెట్టొద్దు. విండోస్ తన సిస్టమ్ ఫైళ్లను నిల్వ చేసుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ పరిమాణం చూసి చేత్తో చెరపడం ఘోరమైన పొరపాటు. అందులోని చాలా ఫైళ్లు, సిస్టమ్ ఫోల్డర్లలో కనిపించేవి ఒకే ఫైళ్లు, రెండు పేర్లతో ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్ వాటిని రెండుసార్లు లెక్కపెడుతుంది.

0ఎక్స్800ఎఫ్081ఎఫ్, 0ఎక్స్80073712 వంటివి సిస్టమ్ ఫైళ్ల నిల్వ పాడైందని చెబుతాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో డిస్మ్ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ వదిలి స్లాష్ క్లీనప్-ఇమేజ్, ఖాళీ వదిలి స్లాష్ రిస్టోర్‌హెల్త్ కొట్టండి (DISM /Online /Cleanup-Image /RestoreHealth). అది ముగిశాక ఎస్‌ఎఫ్‌సి, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ (sfc /scannow). ఈ వరుస ముఖ్యం. మొదటిది నిల్వను బాగుచేస్తుంది, రెండోది ఆ నిల్వలోంచి తీసి పాడైన ఫైళ్లను మారుస్తుంది. డిస్మ్ మధ్యలో చాలాసేపు ఒకే శాతం దగ్గర ఆగడం మామూలే.

డౌన్‌లోడే పదేపదే చెడితే సర్వీసెస్ కిటికీలో ‘విండోస్ అప్‌డేట్’, ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ రెండిటినీ ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్ హిస్టరీ ఖాళీగా కనిపిస్తుంది కానీ ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి. 0ఎక్స్‌సి1900101తో మొదలయ్యేది ఫీచర్ అప్‌డేట్‌లో డ్రైవర్ మొరాయించిందని చెబుతుంది. అదనపు యూఎస్‌బీ పరికరాలన్నీ పీకి, బయటి యాంటీవైరస్ తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. ఏదీ పనిచేయకపోతే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ కింద ‘విండోస్ అప్‌డేట్ సాయంతో సమస్యలు సరిచేయి’ అనే అర్థంతో ఉన్న బటన్ మీ ఫైళ్లను, ప్రోగ్రాములను ఉంచుతూనే విండోస్‌ను తిరిగి వేస్తుంది.

కొన్నిసార్లు ఎర్రర్ నంబర్ దారి తప్పిస్తుంది. 2024 జనవరిలో కెబి5034441 అనే అప్‌డేట్ చాలామందికి 0ఎక్స్80070643తో విఫలమైంది. ఆ నంబర్‌కు ‘ఇన్‌స్టాల్ చేయడంలో తీవ్ర లోపం’ అన్న అర్థం తప్ప ఇంకేమీ లేదు. నిజం ఏమిటంటే, డిస్క్‌లో కంటికి కనిపించని రికవరీ భాగంలో తగినంత ఖాళీ లేదు. దాన్ని 250 ఎంబీ పెంచడానికి సి డ్రైవ్‌ను కుదించి, రికవరీ భాగాన్ని చెరిపి మళ్లీ సృష్టించే ఆదేశాలను మైక్రోసాఫ్ట్ ప్రచురించింది. అందులో ఒక్క అంకె తప్పు కొట్టినా డేటా మొత్తం పోయే పని అది. దానంతటదే సరయ్యే పరిష్కారం రాదని అదే ఏడాది సంస్థ చెప్పింది. ఇంట్లో కంప్యూటర్ వాడే మనిషి చేత డిస్క్ భాగాలు చెరిపించడం సరైన పద్ధతి కాదు. చోటు చాలకపోతే ‘చోటు చాలలేదు’ అన్న మాట తెర మీద రావాలి. బ్యాకప్ లేకుండా ఆ ఆదేశాల జోలికి వెళ్లొద్దు.

మెషిన్ లేవకపోతే లోగో కనిపించగానే పవర్ నొక్కి ఆపడం రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ అనే వరుసలో వెళ్లండి. అక్కడ రెండు ఎంపికలుంటాయి: చివరి నెలవారీ అప్‌డేట్ తీయడం, చివరి ఫీచర్ అప్‌డేట్ తీయడం. రెండోది విండోస్.ఓల్డ్ ఉన్నంతకాలమే పనిచేస్తుంది, మామూలుగా 10 రోజులు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే చోటు కోసం దాన్ని శుభ్రం చేస్తే వెనక్కి దారి మీరే మూసుకున్నట్టు. ఆ గడువును డిస్మ్ ద్వారానే 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు, అయితే 10 రోజులు గడవకముందే.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత నీలి తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడిగితే అది పాడైనట్టు కాదు. కంప్యూటర్ లేచే తీరు మారింది కాబట్టి తాళం మళ్లీ అడుగుతోంది. ఆ కీ 48 అంకెలు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని తెలియనివాళ్లే ఎక్కువ, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా కొత్త కంప్యూటర్లలో అది దానంతటదే ఆన్ అవుతుంది. 24హెచ్2 నుంచి ఇంకా ఎక్కువ మెషిన్లలో ఆన్ అవుతోంది. కీ ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఇవాళే వేరే పరికరం నుంచి ఖాతాలోకి వెళ్లి, అది కనిపిస్తోందో లేదో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది. వాటి బదులు కొత్తవి కూడా అప్‌డేట్ల ద్వారానే వస్తాయి, కొన్ని కంప్యూటర్లకు తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కూడా కావాలి. కాబట్టి ఆ కాగితం అవసరం పడే అవకాశం ఉంది.

విండోస్ 10 వాడేవాళ్ల లెక్క వేరు. దాని ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా సవరణలు మాత్రం ఇచ్చే అదనపు పథకం పెట్టారు. అందులో చేరే లింకు విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది, దానికి వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేక, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ప్రాసెసర్ లేక విండోస్ 11కు వెళ్లలేని మెషిన్‌ను దొంగదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, కానీ అలా ఎక్కించినదానికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్రౌజింగ్, వీడియోలు, పత్రాలు మాత్రమే అవసరమైతే ఆ మెషిన్‌కు ఎస్‌ఎస్‌డి వేసి ఉబుంటు లేదా లైనక్స్ మింట్ (రెండూ లైనక్స్ రకాలే) ఎక్కించడం మేలు. ముందు యూఎస్‌బీ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, ప్రింటర్, శబ్దం మూడూ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే డిస్క్ మీద వేయండి.